వాగు దాటిన మూడు తరగతులు

తల్లి ఖుర్షీద్ బేగం పోయాక మూడోనాడు చేసే జియారత్ ముగిసిన మర్నాడే కహ్కషాన్ బడికి బయలుదేరింది. ఇంకొన్నాళ్లు ఇంట్లో ఉండమని భర్త అక్తర్ అన్నాడు. ఉండి చేసేదేముందని ఆమె అంది. నిజానికి ఇంట్లో ఉన్నా బడిలో ఉన్నా ఆమెకు తేడా తెలియడం లేదు. అమ్మ పోయిన రోజు నుంచి కంట నీటి చుక్క రాలేదు. వచ్చినవాళ్లకు చాయ్ పెట్టింది, కుర్చీలు వేయించింది, దూరం నుంచి వచ్చిన చుట్టాలకు పక్కలు పరిచింది. గట్టి మనిషి అన్నారు చూసినవాళ్లు. అది గట్టితనం కాదని ఆమెకు తెలుసు. చాలాసేపు ఒకే తీరున కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి గిచ్చినా తెలియదే, అట్లా ఉంది ఆమెకు ఒళ్లంతా.

మానుకోటలో బస్సెక్కి, బయ్యారం దాటాక మట్టిరోడ్డు మొగదల దిగి, అక్కణ్నుంచి మంగ్యా ఆటోలో ఎర్రగుట్ట తండాకు చేరడం ఎన్నో ఏళ్లుగా ఆమెకు అలవాటు. తండాలో ఉన్నది ప్రాథమికోన్నత పాఠశాల. ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులు, అందరికీ కలిపి ముగ్గురు టీచర్లు. కహ్కషాన్ చదివింది లెక్కలు. కానీ అక్కడ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, లెక్కలతో పాటు ఇంగ్లీషూ హిందీ సాంఘికమూ అన్నీ ఆమే చెప్పేది. ఆరో తరగతికి భిన్నాలు చెప్తుంటే ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీలోంచి మేకలను చూసేవాళ్లు. పెద్ద టీచరు రిటైరయ్యాక బడి బాధ్యత కూడా ఆమె మీదే పడింది.

ఎండలు ముదిరిన రోజుల్లో విద్యాశాఖ అధికారి రాజ్‌కుమార్ ఆ బడికి వచ్చాడు. ఇంకా చిన్న వయసే. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయినా పట్టించుకోకుండా, బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఆమెకు ఒక బొమ్మ చూపించాడు. చుట్టుపక్కల చిన్న బడుల్లో ఉన్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతులన్నిటినీ తీసి తిమ్మక్కపేటలో ఒక్కచోట చేర్చాలన్నది జిల్లా ఆలోచన. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరు. సైన్సుకు ప్రత్యేకంగా గది, పుస్తకాల గది, ఆడుకునే జాగా. దూరపు పిల్లలకు బస్సు. చిన్న తరగతులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

"నేనూ గిసొంటి బడిలనే చదివిన మేడం" అన్నాడు రాజ్‌కుమార్. "ఎనిమిదో తరగతి అయిపోయేదాక టెస్ట్ ట్యూబ్ ఎట్లుంటదో చూడలే. హైస్కూల్ల చేరినంక అందరు నవ్విండ్రు. మన పిల్లలకు గా గతి రావొద్దు."

అతను ఆ మాట మనసులోంచి అన్నాడని ఆమెకు అర్థమైంది. బొమ్మలో గదులకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది. మంచి ఆలోచన. ఇలాంటిది రావాలని ఆమే ఎన్నో మీటింగుల్లో అడిగింది. ఇప్పుడు వచ్చింది. సంతోషం కోసం లోపల వెతికి చూసుకుంది. కనిపించలేదు. అనుమానమూ కనిపించలేదు.

"తండావాళ్లకు మీరు చెప్పాలె" అన్నాడతను. "నేను చెప్తే ఆఫీసరు చెప్పిండంటరు. మీరు చెప్తే ఇంటరు."

"చెప్త సార్" అంది.

తండాకూ తిమ్మక్కపేటకూ మధ్య వాగు ఉంది. దాని మీద మనిషి మోకాలెత్తు వంతెన. వానాకాలం పైన గుట్టల్లో వాన పడితే నీళ్లు ఆ వంతెన మీది నుంచే పోతాయి. కహ్కషాన్ వచ్చే దారి అటు కాదు గానీ, ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. రాజ్‌కుమార్ ల్యాప్‌టాప్ మూస్తున్నప్పుడు వాగు ఒకసారి మనసులో మెదిలింది కూడా. అడుగుదామనుకుంది. అడగడానికి నోరు తెరవాలి, మాటలు పేర్చాలి. అదంతా చాలా దూరం అనిపించింది. ఊరుకుంది.

రెండు రోజుల తర్వాత తల్లిదండ్రులు బడి వరండాలో కూర్చున్నారు. కహ్కషాన్ అంతా చెప్పింది. టీచర్ల గురించి, సైన్సు గది గురించి చెప్పింది. ఆడవాళ్లలోంచి రుక్కి లేచింది. రుక్కి భర్త హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తుంటాడు. ఆమె ఇక్కడ ఎకరం పత్తి చేసుకుంటూ, సీజన్‌లో మిరపకాయ ఏరడానికి కూలికి పోతూ కూతురు లచ్చిని చదివిస్తోంది. లచ్చి ఆరో తరగతి అయిపోయి ఏడులోకి వస్తోంది.

"వానలల్ల వాగొస్తే ఎట్ల టీచర్?" అని అడిగింది రుక్కి.

"బస్సు వస్తదక్కా."

"బస్సయితే మాత్రం వాగు మీదికెళ్లి పోతదా?"

"సార్‌వాళ్లు చూసుకుంటరు" అంది కహ్కషాన్. తన గొంతు తనకే రేడియోలో ఎవరిదో గొంతులా వినిపించింది.

రుక్కి కాసేపు ఆమె మొహంలోకి చూసింది. "మీరు చెప్తున్నరు గద. సరే అయితే" అని కూర్చుంది. రుక్కి ఒప్పుకున్నాక ఇంకెవరూ అడ్డు చెప్పలేదు.

జూన్‌లో తిమ్మక్కపేట బడి తెరిచారు. గేటుకు మామిడి తోరణం కట్టారు, పిల్లలకు పెన్నులు పంచారు. బస్సు మాత్రం రాలేదు. టెండరు కాలేదనీ, అయ్యేదాకా ఆటోలు పెట్టుకోవాలనీ పైనుంచి చెప్పారు. తండా పిల్లల కోసం మంగ్యా ఆటో మాట్లాడారు. మంగ్యా రుక్కికి మరిది. లచ్చికి బాబాయి.

కహ్కషాన్‌ను కొత్త బడికి లెక్కల టీచరుగా వేశారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒక్క లెక్కలే చెప్పే భాగ్యం ఆమెకు అదే మొదలు. గంట కొడితే ఒక తరగతిలోంచి లేచి ఇంకో తరగతికి పోవడం, అక్కడ అందరూ ఒకే ఈడు పిల్లలు, ఒకే పాఠం. బీజగణితం మొదలుపెట్టిన రోజు వెనక బెంచీ దాకా పిల్లలు తలలెత్తి విన్నారు. పాఠం బాగా వచ్చిందని ఆమెకు తెలిసింది. పక్కింటివాళ్లకు మంచి జరిగితే తెలిసినట్టు తెలిసింది.

లచ్చి అంతకుముందు తండా బడిలో నోరు విప్పని పిల్ల. ఒకనాడు సైన్సు గదిలోంచి పరుగున వచ్చి వరండాలో కహ్కషాన్ చీర కొంగు పట్టుకుని లాగింది.

"టీచర్, జర రారి! ఉల్లిగడ్డ పొర చూడురి. ఇటికెల గోడ లెక్కనే ఉన్నది!"

కహ్కషాన్ వెళ్లి మైక్రోస్కోపులోకి వంగి చూసింది. నిజంగానే ఇటుకలు పేర్చినట్టుంది. "అవును, మంచిగున్నది" అంది. టీచర్ ఇంకేదో అంటుందేమోనని లచ్చి ఎదురుచూసింది. ఏమీ అనకపోయేసరికి మళ్లీ తనే కన్ను పెట్టి చూసుకుంటూ నిలబడిపోయింది. ఆ తర్వాత నుంచి లచ్చి సైన్సు టీచరు శ్రీలత వెంటే తిరిగేది. వాగులో నీళ్లూ, బెండాకూ, చచ్చిన చీమలూ, దొరికిందల్లా తెచ్చి అద్దం కింద పెట్టమనేది.

"బడి ఎట్లుంది?" అని అక్తర్ రోజూ అడిగేవాడు. అతనికి మానుకోట బజారులో కూలర్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం ఉంది. ఇదివరకు రోజుకో ముచ్చట మోసుకొచ్చే భార్య ఇప్పుడు "మంచిగ నడుస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే అతను ఇంకేం అడగాలో తెలియక టీవీ పెట్టుకునేవాడు.

ఆగస్టులో ముసురు పట్టింది. ఒకరోజు తిమ్మక్కపేటలో పెద్దగా వాన లేదు గానీ, పైన గుట్టల మీద పొద్దున్నుంచీ నల్లగా ఉంది. మధ్యాహ్నం దాటాక బడి తొందరగా వదిలేశారు. మానుకోట బస్సు ఆ రోజు రాలేదు. తండా మీదుగా పెద్దరోడ్డుకు పోయి అక్కడ ఏదో ఒకటి పట్టుకుందామని కహ్కషాన్ కూడా పిల్లలతో పాటు మంగ్యా ఆటో ఎక్కింది. ముందు సీటులో మంగ్యా పక్కన లచ్చి, వెనక పిల్లల మధ్య ఆమె.

వాగు దగ్గరికి వచ్చేసరికి వంతెన కనిపించలేదు. ఎర్రటి నీళ్లు దాని మీది నుంచి జారుతున్నాయి. అంచుల్లో పాతిన రాళ్ల కొసలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. అవతలి గడ్డ మీద తండావాళ్లు యూరియా సంచులు నెత్తిన కప్పుకుని నిలబడ్డారు. వాళ్లలో రుక్కి చేతులు ఊపుతూ ఏదో అరుస్తోంది. నీళ్ల హోరులో మాట ఇటు చేరడం లేదు.

మంగ్యా దిగి చూసి వచ్చాడు. "మోకాళ్లకు గూడ రాలే టీచర్. గిప్పుడైతే దాటొచ్చు. ఇంకింత సేపైతే దాటలేం. ఏమంటరు?"

పిల్లలందరూ ఆమె వైపు తిరిగారు. కహ్కషాన్ నీళ్లను చూస్తూ ఉండిపోయింది. వద్దనాలని ఆమెకు తెలుసు. ఆ మాట ఎక్కడో ఉంది. లేచి రావడం లేదు. అవతలి గడ్డ, ఇవతలి గడ్డ, పిల్లల మొహాలు, అన్నీ అద్దం అవతల ఉన్నట్టు ఉన్నాయి. ఆమె ఏమీ అనకపోవడమే ఒప్పుకోవడం అనుకున్నాడు మంగ్యా. ఆటో స్టార్టు చేశాడు.

ముందు చక్రం నీళ్లలో దిగింది. కొంత దూరం బాగానే పోయింది. ఆ తర్వాత బండి ఒక పక్కకు జరిగింది. నీళ్లు లోపలికి వచ్చి కహ్కషాన్ పాదాల మీదుగా పారాయి. మంచులా చల్లగా ఉన్నాయి. ఆ చలి ఒక్కసారిగా కాళ్లలోంచి పైకి పాకింది. ఆరో తరగతి పిల్ల ఒకతి కెవ్వుమంది.

"ఆపు!" అని అరిచింది కహ్కషాన్. "మంగ్యా, ఆపు! దిగురి, అందరు దిగురి! చేతులు పట్టుకోరి, ఇడవొద్దు!"

ఇంజను ఆగిపోయింది. ఆమె ముందు దిగింది. నీళ్లు పిక్కల దాకా వచ్చి లాగుతున్నాయి. ఒక్కొక్కరినే చంకలు పట్టుకుని దింపింది. పిల్లలు గొలుసులా చేతులు పట్టుకున్నారు. అంచు రాళ్ల వైపు చూడొద్దని, వచ్చిన గట్టునే చూస్తూ నడవమని ఆమె అరుస్తూనే ఉంది. మంగ్యా లచ్చిని భుజాన వేసుకుని ముందు నడిచాడు. చివర కహ్కషాన్. గట్టెక్కి వెనక్కి చూసేసరికి ఆటో నెమ్మదిగా, ఎవరో తోస్తున్నట్టు, వంతెన అంచుకు జరిగి పక్కకు ఒరిగి వాగులో పడిపోయింది. పసుపు రంగు టాప్ కాసేపు కనిపించింది. తర్వాత అదీ లేదు.

అవతలి గడ్డ మీది నుంచి ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. రుక్కి వేలు ఆడిస్తూ ఇటున్న పిల్లలను లెక్కపెడుతోంది. లెక్క కుదిరాక ఉన్నచోటనే బురదలో కూలబడింది.

ఆ రాత్రి పిల్లలు తిమ్మక్కపేట బడిలోనే పడుకున్నారు. ఊరివాళ్లు అన్నం, దుప్పట్లు తెచ్చిచ్చారు. మంగ్యా మాత్రం తినలేదు.

"నీ బండి పోయింది మంగ్యా" అంది కహ్కషాన్.

"పిల్లలైతే దక్కిండ్రు గద టీచర్. తొందరపడ్డది నేనే."

"నువ్వు నన్ను అడిగినవు. నేను వద్దనలే."



తెల్లారి నీళ్లు తగ్గాక తండావాళ్లు వాగు దాటి వచ్చారు. అందరికంటే ముందు రుక్కి వచ్చింది. లచ్చిని ఒళ్లంతా తడిమి చూసి, పక్కకు నిలబెట్టి, కహ్కషాన్ ఎదుటికి వచ్చింది.

"నేనడిగిన టీచర్. వాగొస్తే ఎట్లని గా దినమే అడిగిన."

"అడిగినవక్కా."

"సార్‌వాళ్లు చూసుకుంటరన్నరు."

"అన్న."

"మీరు వాళ్లను అడిగిండ్రా?"

"అడగలే" అంది కహ్కషాన్. "అడుగుదామనుకున్న. అడగలే."

రుక్కి తిడుతుందనుకుంది. రుక్కి తిట్టలేదు. "మీ అమ్మ సచ్చిపోయిందని మాకు ఎరికే" అంది మెల్లగా. "గా దినం మీరు మనిషి లెక్క లేరు. మేమందరం చూసినం. చూసి గూడ మీ మాటే నమ్మినం. తప్పు మీ ఒక్కలదే అనెట్లంటం?"

ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగలాల్సింది. తగిలిందని కహ్కషాన్‌కు అర్థమైంది కూడా. కానీ నొప్పి ఇంకా దారిలోనే ఉన్నట్టు, ఎప్పటికి చేరుతుందో తెలియనట్టు ఉంది.

ఆమె అక్కడి నుంచే రాజ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. వానలు ఆగేదాకా తండా పిల్లలకు తండా బడిలోనే చెప్తానంది.

"అక్కడ గా మూడు తరగతులు లేవు మేడం ఇప్పుడు. రికార్డుల మూసేసినం."

"రికార్డుల మూసే ఉండనియ్యురి సార్. గది అయితే ఉన్నది గద. నేను పోయి చెప్త."

మధ్యాహ్నానికల్లా రాజ్‌కుమార్ స్వయంగా వచ్చాడు. ప్యాంటు మడిచి వంతెన మీదికి నడిచి, ఆటో పడ్డ చోట నిలబడ్డాడు. కింద ఒక చక్రం నీళ్లలోంచి పైకి తేలి ఉంది. అతను తిరిగి వచ్చేటప్పుడు మొహం పాలిపోయి ఉంది. "మ్యాపుల వాగు నీలం గీత లెక్క ఉండె మేడం" అన్నాడు. "కాయితం ఇయ్యలేను. నోటిమాటతోని పొమ్మంటున్న. పోయి చెప్పురి."

తండా బడిలో ఆ గది మళ్లీ తెరిచారు. ఆడవాళ్లు ఊడ్చి, కడిగి, బోర్డుకు నల్లరంగు వేశారు. ఒక ముసలమ్మ వచ్చి కహ్కషాన్ చేతిలో రెండు జొన్నరొట్టెలు పెట్టి పోయింది. ఆరు, ఏడు, ఎనిమిది మళ్లీ ఒకే గదిలో కూర్చున్నాయి. భిన్నాలు చెప్తుంటే ఎనిమిదో తరగతి పిల్లలు మళ్లీ కిటికీ వైపు చూశారు.

లచ్చి మాత్రం పుస్తకం తెరవలేదు. మొదటి రోజూ అంతే, రెండో రోజూ అంతే. మూడో రోజు కహ్కషాన్ ఆమె పక్కన కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"మమ్ముల మళ్ల గీడికే ఎందుకు తెచ్చిండ్రు?"

"వాగు చూసినవు గద లచ్చీ. నువ్వు ఆటోలనే ఉంటివి."

"చూసిన. ఆటో పోయింది, మా బాబాయి ఏడ్చిండు. నాకు గూడ భయమైంది." లచ్చి కళ్లు దించలేదు. "గని వాగుకు ఆ దిక్కునోళ్లు రోజు సైన్సు గదికి పోతున్నరు. ఈ దిక్కున పుట్టినమని మేం గీడ కూసోవాల్నా? వంతెన ఎత్తు చేయమని అడగొద్దా మీరు? పిల్లలను ఎనుకకు తెచ్చుడే సులువా?"

కహ్కషాన్ పుస్తకం తెరిచి ఆ పిల్ల ముందుకు జరిపింది. "నీళ్లు తగ్గినంక మళ్ల పోతరు" అంది.

"వచ్చే ఏడు వాన పడదా?"

లచ్చి తలుపు వైపు మొహం తిప్పుకుంది. ఆ రోజు నుంచి అడిగినదానికి జవాబు చెప్పేది, ఇచ్చిన లెక్క చేసేది. అంతే. నవ్వలేదు.

ఆ సాయంత్రం కహ్కషాన్ ఇంటికి పోకుండా తండా పెద్దలను కూర్చోబెట్టింది. వంతెన కోసం అర్జీ రాసింది. రుక్కి అందరికంటే ముందు వేలిముద్ర వేసింది. మర్నాడు రాజ్‌కుమార్ కూడా దానికి తన మాట రెండు ముక్కలు చేర్చి పైకి పంపాడు. ఇంజనీరు ఒకసారి వచ్చి టేపు పట్టి కొలుచుకుని పోయాడు. మళ్లీ రాలేదు. ఆమె ఫోన్ చేస్తూనే ఉంది. కోపంతో కాదు. పొద్దున లేచి మొహం కడుక్కున్నట్టు, అదొక పనిగా చేసేది.

దసరా తర్వాత వాగు చిక్కి సన్నటి పాయ అయింది. బస్సుకు బదులు ఒక తెల్ల వ్యాను వచ్చింది. మూడు తరగతులూ మళ్లీ తిమ్మక్కపేటకు పోయాయి. కహ్కషాన్ పోలేదు. ఆమె తండాలో ఉన్న రోజుల్లోనే కొత్త బడిలో లెక్కలకు కురవి దగ్గరి బడి నుంచి ఇంకో సారును వేశారు. ఇటు తండా చిన్న తరగతులకు ఒక టీచరు తక్కువైంది. "మీరు అక్కడే ఉంటరా మేడం?" అని రాజ్‌కుమార్ మొహమాటపడుతూ అడిగితే, "ఉంట సార్" అంది.

ఆ సంగతి విని అక్తర్‌కు కోపం వచ్చింది. "ఇన్నేళ్లకు నీకిష్టమైన పని దొరికె. అది గూడ ఇడిచిపెట్టి వస్తవా? ఒక్క మాటన్నా అనవా?"

"ఏమనాలె?"

అతను వంటింట్లోకి పోయి చాయ్ పెట్టుకొచ్చి ఇచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఎంత చక్కెర ఏసిండ్రు గిందుల? మనుషులు తాగేదేనా?" అని కసిరింది. అక్తర్ నిలబడి ఆమెనే చూశాడు. రోజూ అంతే చక్కెర వేస్తున్నాడతను. ఇన్ని నెలల్లో తీపి ఎక్కువైందో తక్కువైందో ఆమె ఒక్కసారీ అనలేదు. "మళ్ల పెడ్త" అని గ్లాసు తీసుకుని, దాదాపు సంతోషంగా లోపలికి పోయాడు.

మంగ్యా హైదరాబాదు పోయి అన్నతో పాటు సెంట్రింగ్ పనిలో చేరాడు. మట్టిరోడ్డు మొగదల నుంచి తండా దాకా కహ్కషాన్ ఇప్పుడు నడిచే వస్తోంది.

పొద్దున్నే ఆమె చేరే వేళకు తెల్ల వ్యాను బడి ముందు నుంచే పోతుంది. పిల్లలు కిటికీల్లోంచి "టీచర్, టీచర్" అని చేతులు ఊపుతారు. లచ్చి ముందు సీటులో కూర్చుంటుంది. ఒడిలో సంచి, సంచి మీద మూత బిగించిన గాజు సీసా. అందులో ఆకో పురుగో ఏదో ఒకటి. ఆమె ఇటు చూడదు. రోడ్డు వైపే చూస్తూ, సీసా ఒలికిపోకుండా రెండు చేతులా పట్టుకుని పోతుంది.

కహ్కషాన్ చెయ్యి ఊపుతుంది. వ్యాను మలుపు తిరిగాక లోపలికి వెళ్తుంది. రెండో తరగతి పిల్లలు చాపలు పరుస్తూ ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలని అప్పటికే కొట్లాడుకుంటుంటారు. వాళ్లను విడదీసి కూర్చోబెట్టి, బోర్డు తుడిచి, ఆ రోజు తీసివేతలు మొదలుపెడుతుంది.